చీనావారి శరదృతుచర్య

మన యాకాశమున శ్రావణమేఘము లింకను క్రమ్ముకొని యుండగనే చీనాదేశపు పంచాంగమున శరత్తు ప్రవేశించును. ఆ దేశమువారు సూర్యగమనము ననుసరించి సంవత్సరమును ఇరువదినాలుగు భాగములు చేసికొనిరి. అందు ఆగస్టు 7వ తేదీననో 8వ తేదీననో వచ్చు ‘లీచ్యూ’ శరదారంభము. ఎండ అప్పటికిని తగ్గదు. ఆ మిగిలిన వేడిమికి వారు ‘శరత్కాలపు పులి’ యని పేరు పెట్టిరి. పిమ్మట సెప్టెంబరు 7, 8 తేదీలకు శ్వేతతుషారము, అక్టోబరు 8 ప్రాంతమున శీతలతుషారము, అదే నెల 23 ప్రాంతమున హిమపాతము. ఈ పేర్లు రైతునకు పొలముపనిని, గృహిణికి వంటపనిని తెలుపునవి. పంచాంగము మారినంతనే పొయ్యిమీది కుండయు మారుట చీనా యిండ్లలో నేటికిని గలదు.

ఈ దూరదేశపు వంటకములతో మనకేమి పనియని పాఠకులు మమ్ము నడుగవచ్చును. పని గలదు. గోజీపండ్లు, చేమంతిపూల తేనీరు, పేరు తెలియని వేళ్లపొడులు చక్కని పెట్టెలలో మన పట్టణముల అంగళ్లకును వచ్చుచున్నవి. వానిని చూచి ఒకరు ‘వేలయేండ్లనాటి విద్య, దీనికి తిరుగులే’దందురు. వేరొకరు ‘ఇది యంతయు మూఢవిశ్వాస’మని త్రోసివేయుదురు. ఈ రెండు మాటలను చీనావారే నూరేండ్లకు పూర్వము తమలో తాము గొంతు చించుకొని యనుకొనిరి. ఆ వివాదము మన వివాదమునకు మిక్కిలి దగ్గరిది.

మొదట శాస్త్రము. పసుపుచక్రవర్తి పేర నున్న ప్రాచీన వైద్యగ్రంథము ‘నైజింగ్’ ఋతువుల నైదు తత్త్వములకు ముడిపెట్టినది. శరత్తునకు లోహము తత్త్వము, ఊపిరితిత్తులు స్థానము, తెలుపు వర్ణము, శోకము భావము, పొడితనము దోషము. ఈ కాలమున పెందలకడ నిద్రించి కోడితో లేవవలయునని, మనస్సు నుద్రేకపడనీయక లోనికి మరల్చుకొనవలయునని యందు విధింపబడినది. ఇం దొక చిత్రము గలదు. ఆ గ్రంథమున నొకచోట శరత్తునందు తేమ హాని చేయునని యున్నది. పదునేడవ శతాబ్దపు వైద్యుడు యూ ఛాంగ్ ఈ మాటను సరిగాదనెను. శరత్తున హాని చేయునది తేమ కాదు, పొడితనమని వాదించి, పొడిదగ్గునకు మల్బరీ యాకు, నువ్వులు, అతిమధురము మొదలగువానితో నొక కషాయమును కూర్చెను. ఆ కషాయ మిప్పటికిని వారి వైద్యశాలలలో వాడుకయం దున్నది. పూర్వగ్రంథమును శిరసావహించిన సంప్రదాయముననే, కంటికి కనబడుదానిని బట్టి గ్రంథమును దిద్దిన వైద్యుడు పుట్టెననుట మాకు మిక్కిలి రుచించిన విషయము.

ఇక వంటయిల్లు. బేరిపండును తొలిచి పటికబెల్లము వేసి ఆవిరిమీద నుడికించుట యన్నింటికంటె ప్రసిద్ధము. దగ్గున్నవారి కందు ‘ఛ్వాన్‌బేయి’ యను పర్వతప్రాంతపు దుంపపొడి చేర్తురు. బేరిరసమును మరగించి లేహ్యముగ జేసి సీసాల కెత్తుదురు. మ్రానుమీద పెరుగు తెల్లని పుట్టగొడుగును నానబెట్టి, తెల్లలిల్లీ దుంపలతోను ఎండురేగుపండ్లతోను జిగురుపట్టువరకు కాచి త్రాగుదురు. తామరదుంపల పులుసు, నువ్వులజావ, తేనె. అన్నియు తెల్లనివో, మెత్తనివో, గొంతు తడుపునవో. తొమ్మిదవ నెల తొమ్మిదవనాటి పండుగకు కొండ లెక్కి, చేమంతిపూలు వేసిన మద్యమును త్రాగుట పూర్వాచారము. శరదారంభమున మనిషిని తూచి, వేసవిలో తగ్గిన బరువును మాంసాహారముతో మరల పూరించుటయు నొక యాచారమే. ఎండలో నొడలు వంచి పనిచేసిన కర్షకునకు అది ధర్మము. ఏడాది పొడుగున కుర్చీ విడువని పట్టణవాసి యా తక్కెడ నెక్కకుండుటయే మేలు.

ఈ యాహారమున నిందింపదగినది మాకేమియు కనబడదు. ఉత్తరచీనాలో శరత్తు వచ్చినతోడనే వానలు వెనుదీయును. సైబీరియావైపునుండి చల్లని పొడిగాలి దిగును. పెదవులు పగులును, గొంతు గరగరలాడును. అట్టియెడ నీటిపండ్లను, జావలను సేవింపుమనుట యనుభవము నేర్పిన వివేకము. కాని యీ వివేకము ఆ గాలికి చెందినది. మన కోస్తాజిల్లాలలో ఆశ్వయుజ కార్తికములు ఈశాన్యఋతుపవనపు కాలము. తుపానులు, నీరు నిలిచిన గుంటలు, దోమలు. నాగార్జునకొండ చూచుటకు వచ్చిన పీకింగువాసి యొకడు నవంబరు మాసమున మచిలీపట్టణము వచ్చి ‘ఏదీ మీ పొడితనము?’ అని యడిగిన మనమేమి చెప్పగలము? మన యాయుర్వేదము శరత్తున చెప్పినది వేరు: వర్షర్తువున కూడిన పిత్తము శరత్తు నెండకు ప్రకోపించును గాన చేదు, తీపి, వగరు రుచులను సేవింపుమనినది. కార్తికాంతమున నెనిమిది దినములను, మార్గశీర్షారంభమున నెనిమిది దినములను యమదంష్ట్రలని పేర్కొని, మితముగ భుజించువాడే బ్రతుకునని హెచ్చరించినది. రెండు దేశములును ఋతువును చూచియే విధి నేర్పరచినవి. మనము గ్రహింపవలసినది ఆ చూపును. ఆ పెట్టెను గాదు.

మఱియొక మాట. పొడిదగ్గునకు బేరిపండు మంచిదే. కాని మనదేశమున రెండు వారములు దాటిన దగ్గునకు చేయవలసిన మొదటి పని కళ్లె పరీక్ష. క్షయ లోపల తినుచుండగా తేనెలును లేహ్యములును గొంతునకు హాయి గూర్చినకొలది రోగి మోసపోవును. వానితోకూడ నొక యింట నిద్రించు పిల్లలును మోసపోవుదురు. మధుమేహముగల వారికి పటికబెల్లపు రసము శరత్తునందైనను పటికబెల్లపు రసమే. అతిమధురము మనకును చీనావారికిని ఉమ్మడి సొత్తు. దానిని దినదినము అధికముగ సేవించిన రక్తపుపోటు పెరుగును. ఇట్టి మాటలు ఆ పెట్టెలపై నచ్చుపడి యుండగా మేము చూడలేదు.

ఇప్పు డా వివాదమును గూర్చి చెప్పుదుము. 1929 ఫిబ్రవరిలో నాన్కింగునందలి జాతీయప్రభుత్వపు ఆరోగ్యసభ పాతవైద్యమును క్రమముగ రద్దు చేయవలెనని తీర్మానించినది. ఆ తీర్మానమును తెచ్చిన యూ యున్‌షియూ జపానునందు వైద్యము చదివినవాడు. వార్త తెలియగనే దేశము నాలుగు చెరగులనుండి యిన్నూటికి పైగా ప్రతినిధులు మార్చి 17వ తేదీన షాంఘైనగరమున సమావేశమైరి. వైద్యులు వైద్యము మానిరి, మందులకొట్లు మూతపడెను. తీర్మాన మమలునకు రాలేదు. ‘పాతవైద్యము’ అను పేరు పోయి ‘జాతీయవైద్యము’ అను పేరు వచ్చెను. 1931లో నాన్కింగుననే జాతీయవైద్యసంస్థ నెలకొనెను. ఇంచుమించుగ ఆ దినములలోనే, 1925లో, మద్రాసునందు దేశీయవైద్య పాఠశాల ప్రారంభమైనది. పాశ్చాత్యవైద్యమున పట్టము పొందిన మన ఆచంట లక్ష్మీపతిగారు పండిత గోపాలాచార్యులుగారి యొద్ద ఆయుర్వేదమును చదివిరి. పరాయిపాలనలో నున్న జాతికి తన మందు తనదని చెప్పుకొనుట గౌరవమునకు సంబంధించిన సంగతి. ఆ గౌరవమును మేము తక్కువ చేయము.

అయినను షాంఘై సమావేశమున వినబడని కంఠ మొకటి గలదు. అది రోగి కంఠము. చీనా మహారచయిత లూ షున్ బాల్యమున తండ్రి జబ్బుపడెను. పేరుమోసిన వైద్యు లిద్దరు వరుసగ చూచిరి. వారు కోరిన యనుపానములు సామాన్యములా? మూడేండ్లు మంచున తడిసిన చెరకు, మొదటినుండియు నొకే జంటగ బ్రతికిన కీచురాళ్లు! పిల్లవాడు ఇంటి వస్తువులను కుదువకొట్టుకు మోసి, వచ్చిన పైకముతో మందులకొట్టుకు పరుగెత్తెడువాడు. 1896లో తండ్రి మరణించెను. తన తండ్రివంటి రోగులను కాపాడుటకే లూ షున్ జపానుకు పోయి వైద్యకళాశాలలో చేరెను. చదువు మధ్యలో విడిచి కలము పట్టినను, ఆ కీచురాళ్లను మరువలేదు. కీచురాళ్లు జంటగా నుండెనా లేదా యని పరీక్షింప నెవనికిని సాధ్యము గాదు గనుక మందు పనిచేయకున్న తప్పు కొడుకుదే యగును, వైద్యునిది గాదు. దేశీయమను మాట మందునకు గౌరవము నిచ్చునే గాని గుణము నీయజాలదు.

గుణ మెట్లు తేలునో కూడ చీనావారే చూపిరి. 1967 మే 23న మలేరియాకు మందు వెదకుటకు వారి ప్రభుత్వ మొక రహస్యకార్యక్రమము నారంభించెను. అందు ప్రవేశించిన థూ యూయూ అను స్త్రీ ఔషధశాస్త్రము చదివినది. ప్రాచీనగ్రంథములను తిరుగవేసి, ‘ఛింగ్‌హావ్’ అను మూలికపై దృష్టి నిలిపినది. మామూలుగ కషాయము కాచిన గుణము నిలువలేదు. నాల్గవ శతాబ్దపు వైద్యుడు గే హొంగ్ తన గ్రంథమున ఈ మూలికను గుప్పెడు తీసికొని నీట నానబెట్టి, పిండి, ఆ రసమును త్రాగుమనెను, కాచుమని చెప్పలేదు. వేడి దాని గుణమును చంపుచున్నదేమో యని యామెకు తోచినది. ఈథరుతో తక్కువ వేడిమిని సారమును దీసిరి. అంతకుముందు నూటతొంబది నమూనాలు విఫలములైనవి. 1971 అక్టోబరు 4న నూటతొంబదియొకటవది ఫలించినది. అదియు శరత్కాలమే! మరుసటి యేడు ఆమెయు సహచరులును ముందుగ తామే ఆ మందును మ్రింగి చూచికొనిరి. 2015లో నామెకు నోబెలు బహుమానము వచ్చినది. 1897 ఆగస్టులో మన సికిందరాబాదున రొనాల్డ్ రాస్ దోమకడుపున మలేరియా క్రిమిని కనుగొనిన నాటినుండి యీ రోగముతో జరుగుచున్న పోరాటమున నింతటి విజయములు కొన్నియే గలవు. గే హొంగ్ దారి చూపెను. అయితే ఆ నూటతొంబది విఫలములను లెక్కపెట్టి వ్రాసికొననిచో ఆ దారి యెక్కడికిని చేర్చియుండదు.

ఆ ఛింగ్‌హావ్ వినాయకచవితినాడు మనము పూజించు మాచిపత్రికి జ్ఞాతి. జ్ఞాతియే, అదియే కాదు. మాచిపత్రి కషాయముతో మలేరియా పోవునని యెవరైన జెప్పిన నమ్మరాదు. ఛింగ్‌హావ్ ఆకుల తేనీరును సైతము మలేరియాకు వాడవలదని ప్రపంచారోగ్యసంస్థయే చెప్పియున్నది. దానియందు మందెంత యుండునో నిలుకడ లేదు, చాలీచాలని మోతాదు క్రిమికి మొండితనము నేర్పును.

పేరు తప్పిన నేమగునో బెల్జియమున తెలిసినది. 1990 తరువాతి యేండ్లలో అచ్చట బరువు తగ్గుటకు చీనా మూలికల గుళికలు మ్రింగిన స్త్రీలు నూరుమందికి పైగా మూత్రపిండములు చెడి బాధపడిరి. వాడవలసిన వేరు ‘ఫాంగ్‌జి’. పేరుపోలికచేత దాని స్థానమున మరియొక తీగ వేరు చేరినది. ఆ తీగ మన యీశ్వరిచెట్టు జాతిది. ఆ జాతి మొక్కలలోని ఆమ్లము మూత్రపిండములను పాడుచేయును, కాన్సరును గలిగించును. ఈశ్వరివేరును పాముకాటునకు మన పల్లెలలో నేటికిని నూరుదురు. బెల్జియపు స్త్రీలకు తగిలినది పరాయిదేశపు శాపము కాదనియు, మన పెరటిలోనే యది యున్నదనియు మనవా రెరుగుట యవసరము. చీనాలోను ఈ జాతి తీగల వాడుకపై నిషేధములు వచ్చినవి. 2020లో అలుగుపొలుసులను వారు తమ ఔషధసంహితనుండి తొలగించిరి.

కావున మేము కోరునది స్వల్పము. విదేశమునుండి వచ్చినదైనను, మన యూర చేసినదైనను, ప్రతి మూలికాపెట్టెపై మొక్క యొక్క శాస్త్రనామము, వాడిన భాగము, తూకము, గర్భిణులును మూత్రపిండరోగులును వాడవచ్చునా లేదా యను మాట తెలుగులో అచ్చుపడవలెను. ఆ పెట్టెలో నున్నది పెట్టెపై వ్రాసినదేనా యని ప్రభుత్వ ప్రయోగశాలలు అంగడినుండి కొని పరీక్షించి, ఫలితములను పత్రికల కీయవలెను. వైద్యులకును మా విన్నపమొకటి. రోగి వచ్చినప్పుడు ‘ఏ మాత్రలు వేసికొనుచున్నావు?’ అని మాత్రమే యడుగక ‘ఏ ఆకులు, ఏ పొడులు?’ అనియు నడుగుడు, అడిగి కసరకుడు. కసరుదురను భయముచేతనే కదా మన తల్లులును అమ్మమ్మలును ఆ సంగతి దాచుట. ఈ కార్తికమున మీ యింట దగ్గుచున్నవా రెవరైన నుండిన, బేరిపండు పెట్టుడు, గోరువెచ్చని నీ రిండు. పదునాల్గు దినములు గడచినను తగ్గనిచో కళ్లె పరీక్షకు తీసికొని పొండు.