నాలుగు గంటల సంసారం

మా ఉత్తరాంధ్రకీ మోటారు కారుకీ చుట్టరికం చాలా పాతది. కాకపోతే అది కారును పరిగెత్తించిన చుట్టరికం కాదు, ఆపిన చుట్టరికం. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో కండలు తిప్పిన కోడి రామ్మూర్తి నాయుడు రెండు చేతులకీ తాళ్లు కట్టించుకుని, వాటి రెండో కొసల్ని రెండు కార్లకి బిగించి, చెరో వైపు నడపమనేవాడట. కార్లు గుర్రుమనేవి, పొగ కక్కేవి, అంగుళం కదిలేవి కావు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నాం. ఆ గడ్డ మీద పుట్టిన పిల్లలే ఇప్పుడు సొంతంగా కార్లు కట్టి పందేలకి పట్టుకెళ్తున్నారని తెలిస్తే ఆ కలియుగ భీముడు మీసం మెలేసి నవ్వుకునేవాడేమో!

పందెమంటే మనకి తెలిసిన లెక్క ఒకటే, ముందు ఎవరొచ్చారు? ఎడ్ల పరుగైనా, పడవల పోటీ అయినా అంతే. కానీ ఇంకో రకం పందెం ఉంది. అందులో ఎంత జోరుగా వెళ్లావన్నది రెండో ప్రశ్న. ఎంతసేపు నిలబడ్డావన్నది మొదటి ప్రశ్న. దాన్నే ఎండ్యూరెన్స్ రేసు అంటారు. ఓర్పు పందెం అనుకోండి. గంటల తరబడి బండి తిరుగుతూనే ఉండాలి. డ్రైవర్లు మారతారు, టైర్లు మారతాయి, పెట్రోలు పోస్తారు, విరిగింది అతికిస్తారు, మళ్లీ తోలుతారు. ఒక రకంగా చెప్పాలంటే అది సంసారం. పెళ్లినాటి ఊరేగింపు ఎంత గొప్పగా జరిగిందన్నది ఎవరూ చూడరు. పాతికేళ్ల తర్వాత బండి రోడ్డు మీద ఉందా లేదా అన్నదే చూస్తారు.

ఈ పందేలకి పెద్ద తిరునాళ్ల ఫ్రాన్సులోని లీమాన్స్. 1923లో మొదలైంది, 24 గంటల రేసు. అక్కడ 1952లో జరిగిన ముచ్చట ఒకటి చెప్పుకుందాం. పియర్ లెవెగ్ అనే ఫ్రెంచి ఆయన టాల్బో కారుతో వచ్చాడు. పక్కన ఇంకో డ్రైవరు సిద్ధంగా ఉన్నాడు. అయినా స్టీరింగు ఇవ్వలేదు. పగలూ రాత్రీ తనే తోలాడు. దాదాపు 23 గంటలు ఒక్కడే! అందరికంటే ముందున్నాడు కూడా. ఇంకా గంట పైచిలుకు ఉందనగా ఇంజను చచ్చిపోయింది. వెనకొస్తున్న మెర్సిడెస్ కార్లు గెలుపు తన్నుకుపోయాయి. అలసిపోయి గేరు తప్పు వేశాడని కొందరు, ఇంజన్లోనే ముందునుంచీ లోపముందని కొందరు ఇప్పటికీ వాదించుకుంటారు. ఏదైనా, పక్కవాడి చేతికి పగ్గం ఇవ్వలేకపోయిన మనిషి కథగానే లోకానికి గుర్తుండిపోయింది.

దానికి ఎదురు కథ మన దేశపు కుర్రాడిదే. ఫార్ములా వన్ తోలిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ 2009లో లీమాన్స్‌కి వెళ్లాడు. తీరా రేసు మొదలయ్యే ముందు పిట్ గోడ దగ్గర పడి భుజం జారిపోయింది. ముగ్గురు తోలాల్సిన ఆడి కారును మిగిలిన ఇద్దరే 24 గంటలూ పంచుకుని తోలి, ఏడో స్థానంలో నిలబెట్టారు. మూడో మనిషి ఇంట్లో మంచాన పడితే ఇద్దరే కళ్లం పని ముగించినట్టు.

2025 జనవరిలో దుబాయి 24 గంటల రేసుకి సికింద్రాబాదులో పుట్టిన తమిళ హీరో అజిత్ కుమార్ సొంత జట్టు కట్టుకుని వెళ్లాడు. ప్రాక్టీసులో కారు గోడకి కొట్టుకుని గిర్రున తిరిగింది. బతికి బయటపడ్డాడు. ఆ తర్వాత పంతానికి పోకుండా తన జట్టు కారును మిగతా డ్రైవర్లకి అప్పగించాడు. తను ఇంకో కారులో కొంతసేపు తోలాడు. అప్పగించిన కారు దాని తరగతిలో మూడో స్థానం తెచ్చింది.

ఇవన్నీ డబ్బున్నవాళ్ల ఆటలు కదా అంటారు. నిజమే. అందుకే 2006లో అమెరికాలో జే ల్యామ్ అనే ఆయన లీమాన్స్‌ని వెక్కిరిస్తూ ‘లెమన్స్’ అనే పందెం పెట్టాడు. అక్కడ డొక్కు కారుని ‘లెమన్’ అంటారు లెండి. నిబంధన ఏమిటంటే కారు ఖరీదు 500 డాలర్లు దాటకూడదు. ప్రాణరక్షణ సామాను ఖర్చు మాత్రం లెక్కలోకి రాదు. గుమాస్తాలు, మేస్టర్లు, మెకానిక్కులు నలుగురైదుగురు చందాలేసుకుని, తుక్కు కారు కొనుక్కుని, శనాదివారాలు తోలుకుంటారు. ఒంటి నిండా గ్రీజుతో సోమవారం ఆఫీసుకి పోతారు.

మనకి అలాంటిది లేదా? ఉంది. దాని పేరు ‘బాజా’. 1976లో అమెరికాలోని సౌత్ కరోలినా యూనివర్సిటీలో మొదలైన విద్యార్థుల పోటీ ఇది. మన దేశంలో 2007 నుంచి జరుగుతోంది. మధ్యప్రదేశ్‌లో ఇండోరు దగ్గరి పీథంపూర్ దీనికి పుట్టినిల్లు. ఇంజినీరింగు పిల్లలు ఇనుప గొట్టాలు వంచి, అతికి, గుంటల్లో మిట్టల్లో తిరిగే ఒంటి మనిషి బండి కట్టాలి. ఇంజను అందరికీ ఒకే రకం. ఒకే సిలిండరు, సుమారు పది గుర్రాల శక్తి. అంటే మీ ఇంటి ముందున్న మోటారు సైకిలుతో సమానం. కాబట్టి ఇంజను గొప్ప చెప్పుకోవడానికి లేదు. మిగతాదంతా పిల్లల బుర్రే. అన్ని పరీక్షల్లోకీ పెద్దది ఆఖరి రోజు నాలుగు గంటల ఓర్పు పందెం. దానికే మార్కులెక్కువ.

కొన్నేళ్ల కిందట మా మేనల్లుడి జట్టు వెంట నేనూ వెళ్లాను. కాలేజీ పేరెందుకు గానీ విజయనగరానికి కూతవేటు దూరంలోదే. పద్దెనిమిది మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు ఇద్దరు. ఏడాది పాటు తిండీ నిద్రా షెడ్డులోనే. కంప్యూటరులో బొమ్మ బ్రహ్మాండంగా గీశారు. గొట్టాలు అతికించడానికి సాలూరులో ఒక మేస్త్రి దగ్గరికి పట్టుకెళ్లారు. ఆయన బొమ్మంతా చూసి, బీడీ పక్కన పెట్టి, “బొమ్మ బాగానే ఉంది గానీ బావూ, గోతిలో పడ్నప్పుడు ఏటవుతాదో అది సెప్పండి” అన్నాడట. ఎవరి దగ్గరా జవాబు లేదు. ముందు చక్రాల చేతులు రెండుసార్లు విప్పి కట్టించాడు.

సాలూరు సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. లారీలకి విజయవాడ తర్వాత సాలూరే అని మా వైపు చెప్పుకుంటారు. విజయనగరం నుంచి రాయపూర్ పోయే రోడ్డు ఆ ఊరు దాటగానే ఘాటీ ఎక్కుతుంది. సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్ చేరుతుంది. నలభై మూడో నంబరు జాతీయ రహదారిగా ఉన్న రోజుల నుంచీ, ఇప్పుడు ఇరవై ఆరు అయ్యాకా, ఆ మలుపులు మాత్రం మారలేదు. 2022లో సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయింది గానీ లారీ ఎక్కడికీ పోలేదు. డ్రైవరూ క్లీనరూ కలిసి రాత్రంతా ఆ కొండ మీద తోలతారు. మంచులో చక్రం పగిలితే జాకీ వాళ్లే, మెకానిక్కూ వాళ్లే, వంటా వాళ్లే. ఓర్పు పందెమంటే అసలు అది. గీత దగ్గర జెండా ఊపేవాళ్లు ఉండరు, అంతే తేడా.

పీథంపూర్‌లో జనవరి చలి మన సముద్రపు గాలికి అలవాటైన ఒళ్లకి కొత్త. మా పిల్లలు మంకీ క్యాపులతో వణుకుతూ తనిఖీకి నిలబడ్డారు. తనిఖీ అంటే పెళ్లిచూపుల్లాంటిది కాదు, పోలీసు సోదా లాంటిది. పంజరం గొట్టాల మందం కొలుస్తారు. ఇంజను ఆపే మీట లోపల ఒకటి, బయట ఒకటి పనిచెయ్యాలి. బెల్టులన్నీ విప్పుకుని డ్రైవరు ఐదు సెకన్లలో బయటికి దూకాలి. బ్రేకు నొక్కితే నాలుగు చక్రాలూ ఒక్కసారే బిగుసుకోవాలి. మా బండికి వెనక చక్రం ఒకటి బిగుసుకోలేదు. ఫెయిలు. అర్ధరాత్రి దాకా బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీస్తూనే ఉన్నారు. ఒకడు పెడలు తొక్కడం, ఒకడు నట్టు విప్పడం, ఒకమ్మాయి టార్చి పట్టుకోవడం. మర్నాడు రెండోసారికి పాసయ్యారు. పరీక్షల్లో ఫస్టు క్లాసు వచ్చినప్పుడు కూడా వాళ్లంతగా అరిచి ఉండరు.

ఆదివారం పందెం. పదుల కొద్దీ బండ్లు ఒక్కసారి కదిలాయి. దుమ్ము తప్ప ఏమీ కనపడదు. మొదటి గంట మా బండి బాగానే తిరిగింది. రెండో గంటలో స్టీరింగు కడ్డీ వంగింది, పావుగంటలో మార్చారు. డ్రైవరు మారాడు. మూడో గంటలో బండి కనపడలేదు. పది నిమిషాల తర్వాత ట్రాక్టరు వెనక తాడుతో కట్టి ఈడ్చుకొచ్చారు. ముందు ఎడమ చక్రం చెయ్యి అతుకు దగ్గర విరిగి వేలాడుతోంది. మేస్త్రి అడిగిన గొయ్యి అదే అన్నమాట.

అతుకుల దగ్గర వరస. మనవాళ్ల వంతు వచ్చి, అతికి, చల్లార్చి, బిగించేసరికి ముప్పావు గంట పడుతుంది. మిగిలింది గంటే. కెప్టెను కింద కూర్చుండిపోయాడు. ఈ పందెం కోసం వాడు క్యాంపస్ ఇంటర్వ్యూ ఒకటి వదులుకున్నాడు. “ఇంకెందుకురా, ర్యాంకు రాదు” అన్నాడు. తప్పులేదు. లెక్క అదే.

అప్పుడు టార్చి పట్టుకున్న ఆ అమ్మాయి నోరు విప్పింది. వాళ్ల నాన్న సాలూరు లారీ మీద క్లీనరు. “ఘాటీలో ఇరుసు ఇరిగితే లారీని వదిలేసి వచ్చీడు మా నాన్న. సరుకు దింపాకే ఇంటికొస్తాడు” అంది. అంతే. కెప్టెను లేచి స్పానరు అందుకున్నాడు. ఆఖరి పదకొండు నిమిషాలకి బండి మళ్లీ మట్టిలో దిగింది. చక్రం కొంచెం వంకరగా, కుంటుతూ, తిరిగింది రెండే చుట్లు. గళ్ల జెండా పడేసరికి మాత్రం బండి ట్రాక్ మీదే ఉంది. అదే సమయానికి మాకంటే ఖరీదైన బండ్లు కొన్ని పిట్‌లో మూతలు తెరుచుకుని పడున్నాయి. ర్యాంకు అడక్కండి, చాలా కిందన.

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి కథ. కానీ తిరుగు రైల్లో మా మేనల్లుడు ఒక సంగతి చెప్పాడు. “మావయ్యా, మా జట్టులో ఒకడి నాన్న జూట్ మిల్లులో పని. మిల్లు లాకౌటు. వాడు ఇంట్లో పరీక్ష ఫీజు అని చెప్పి తెచ్చాడు వాటా డబ్బులు.” ఆ అబ్బాయి ఎదుటి బెర్తు మీద నిద్రపోతున్నాడు. గోళ్లలో గ్రీజు ఇంకా పోలేదు.

ఇదీ నాకు మింగుడుపడని సంగతి. పిల్లలు గెలిస్తే కాలేజీలు ఊరి నిండా ఫ్లెక్సీలు కడతాయి. రంగుల బ్రోచర్లలో ఆ బండి బొమ్మ వేసి వచ్చే ఏడాది సీట్లు నింపుకుంటాయి. బండికి ఇనుము కొనేది మాత్రం పిల్లల నాన్నలు. చాలా చోట్ల ఇదే తంతు. ల్యాబు ఫీజు కట్టించుకున్నవాళ్లకి ఈ షెడ్డు కూడా ల్యాబేనని తెలియదా? గొట్టం ఎక్కడ విరుగుతుందో ఏ బ్లాక్‌బోర్డూ నేర్పలేదు. సాలూరు మేస్త్రి నేర్పాడు, పీథంపూర్ గొయ్యి నేర్పింది. ఆ చదువుకి ఖర్చు పెట్టాల్సింది లాకౌటు తండ్రి కాదు. కనీసం ఇనుమూ, రైలు చార్జీలూ కాలేజీ భరించాలి. మిగతా నిద్రలేని రాత్రులు పిల్లలు ఎలాగూ భరిస్తారు.

తల్లిదండ్రులకీ ఒక మాట. అబ్బాయి ఏడాదంతా షెడ్డులో పడి పాడైపోతున్నాడని బెంగ పెట్టుకోకండి. ఒకసారి వెళ్లి ఆ షెడ్డు చూడండి. ఎవరి దగ్గర ఎంత తీసుకున్నారో, దేనికి ఖర్చు పెట్టారో అడగండి. అడిగితే అబద్ధం చెప్పాల్సిన అవసరం వాడికీ ఉండదు.

ఆ బండి ఇప్పుడు లేదు. ఇంజనూ చక్రాలూ తర్వాతి బ్యాచ్ విప్పుకుంది. పంజరం మూల పడి తుప్పు పట్టిందట. ఒక్కటి మాత్రం మిగిలింది. ఆ క్లీనరు కూతురు రైల్లోనే ఒక రెండు వందల పేజీల నోటు పుస్తకంలో ఏ గంటలో ఏది విరిగిందో, ఎందుకు విరిగిందో, ఎవరు ఎలా బాగుచేశారో వరసగా రాసింది. షెడ్డులో మేకుకి వేలాడదీసింది. ఇప్పటికీ కొత్త పిల్లలు గొట్టం కొయ్యబోయే ముందు ఆ పుస్తకం తీస్తారని మా మేనల్లుడు చెప్పాడు. మొదటి పేజీలో మేస్త్రి అడిగిన ప్రశ్న ఉందట. దాని కింద జవాబు రాయడానికి చోటు వదిలిందట.