సీట్లతోనే పశువైద్యులు తయారు కారు

తిరుపతి: పాడి గేదె ఒక్కటి చనిపోతే చిన్న రైతు ఏడాది కష్టం నేలపాలైనట్టే. గొర్రెల సంఖ్యలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లు దేశంలో తొలి రెండు స్థానాల్లో నిలిచాయని 2019 పశుగణన తేల్చింది. ఇంతటి సంపదను కాపాడాల్సిన పశువైద్యుడికి అందుతున్న శిక్షణ ఎలాంటిదన్నది రైతుకు సంబంధించిన ప్రశ్న.

అయిదున్నరేళ్ల చదువు

ఇంటర్‌లో బైపీసీ చదివినవారు బీవీఎస్సీ అండ్ ఏహెచ్ కోర్సుకు అర్హులు. రాష్ట్ర కళాశాలల్లో 15 శాతం సీట్లను నీట్ ర్యాంకుల ఆధారంగా భారత పశువైద్య మండలి జాతీయ స్థాయిలో భర్తీ చేస్తుంది. 2016 నిబంధనల ప్రకారం కోర్సు కాలం అయిదున్నరేళ్లు. అందులో చివరి ఏడాది తప్పనిసరిగా ఇంటర్న్‌షిప్ చేయాలి. పట్టా పొందాక మండలిలో పేరు నమోదైతేనే వైద్యం చేసే హక్కు లభిస్తుంది.

తిరుపతిలో 1955లో కళాశాల ప్రారంభం కాగా, 2005లో శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి కళాశాలలు దీని పరిధిలోనివే. తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరులలో కళాశాలలున్నాయి.

చేతికి అబ్బాల్సిన విద్య

చూడి పరీక్ష పుస్తకం చదివితే రాదు. అడ్డం తిరిగిన దూడను తల్లికి ప్రాణాపాయం లేకుండా బయటకు తీయడం, పొదుగువాపును తొలిదశలోనే పసిగట్టడం పదేపదే చేస్తేనే పట్టుబడతాయి. రోగి నోరు విప్పి బాధ చెప్పుకోలేడు కనుక మేత, నెమరు, పేడ, ఒంటి వేడిని బట్టే జబ్బును గుర్తించాలి. కళాశాల ఆసుపత్రికి పశువులు తగినన్ని రాకపోయినా, నేర్పే అధ్యాపకులు లేకపోయినా ఇంటర్న్‌షిప్ మొక్కుబడి తంతుగా మిగులుతుంది.

డిప్లొమాకు హద్దు

పదో తరగతి తర్వాత పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా చేసినవారి సేవలు గ్రామాలకు ఎంతో అవసరం. అయితే 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం వారి పరిధిని స్పష్టంగా నిర్దేశించింది. టీకాలు, గాయాలకు కట్లు వంటి ప్రాథమిక సేవలను రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో, నమోదైన వైద్యుడి పర్యవేక్షణలోనే అందించాలి. వైద్యుడు అందుబాటులో లేని ఊళ్లో ఈ గీత సులువుగా చెరిగిపోతుంది. మోతాదు తెలియని యాంటీబయాటిక్ సూది పశువుకు ముప్పు తెస్తుంది. దాని అవశేషాలు పాల ద్వారా మనుషులకూ చేరతాయి.

చేయాల్సిందిదే

సీట్లు పెంచే ముందు అధ్యాపక ఖాళీలు భర్తీ చేయాలి. ఇంటర్న్‌షిప్‌లో కొన్ని నెలలైనా మండల పశువైద్యశాలల్లో అనుభవజ్ఞుల వెంట పనిచేయించాలి. డిప్లొమా సిబ్బందికి సలహా ఇచ్చే వైద్యుడెవరో ప్రతి ఊరి రైతుకూ తెలియాలి. అర్ధరాత్రి ఈతకు వచ్చిన గేదె దగ్గర వైద్యుడిని గట్టెక్కించేది పట్టా కాదు, చేతికి అబ్బిన పనే.