నానో గొట్టములు: బలమా, ప్రసారమా?



కర్బన నానో గొట్టములను కలిపినంతనే ప్లాస్టిక్కు గట్టిపడి, విద్యుత్తును కూడ చక్కగా ప్రసరింపజేయునని పలువురు చెప్పుచున్నారు. విషయమంత సులభము కాదు. 1991లో జపాను శాస్త్రజ్ఞుడు సుమియో ఈజిమా వెల్లడించిన ఈ గొట్టములు ఒకదానికొకటి అంటుకొని ఉండలు కట్టును. అందుచే వాటిని నత్రికామ్ల, గంధకికామ్లముల మిశ్రమముతో శుద్ధిచేయుదురు. అప్పుడవి ఎపాక్సీని గట్టిగా పట్టుకొనును. కాని ఆమ్లము గొట్టపు గోడను దెబ్బతీసి విద్యుత్ప్రసారమును తగ్గించును. ఆమ్లమునకు బదులు పాలిమరును చుట్టినచో గోడ చెడదు గాని, పట్టు తగ్గును. విమానపు రెక్కకు బలము ముఖ్యము. బ్యాటరీకి ప్రసారము ముఖ్యము. ఇక్కడి మన పిల్లలెందరో ఇంజనీరింగు చదువుచున్నారు. వారికొరకైనను పత్రికలు లాభముతోపాటు నష్టమును గూడ తెలుపవలెను.

— ఒక పాఠకుడు, బెంగుళూరు