పుట్టపర్తికి విమానం సరే, తండాకు బస్సు?



పుట్టపర్తిలో ఎయిర్‌పోర్టు 1990లోనే కట్టినారు. రన్‌వే ఉంది, మామూలు మనిషి టికెట్ కొని ఎక్కే విమానం లేదు. అందుకే "మన జిల్లాకు విమానం కావాలి" అని మనోళ్ళు కూడా అడుగుతుంటారు. అడగడం తప్పు కాదు. కానీ ముందు ట్రూజెట్ కథ చూడండి.

హైదరాబాద్‌లో 2015 జూలైలో మొదలైన చిన్న కంపెనీ అది. హీరో రామ్‌చరణ్ పేరు కూడా దాంతో బాగా వినపడింది. డెబ్బై సీట్ల ఏటీఆర్ విమానాలతో తిరుపతి, రాజమండ్రి తిప్పినారు. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద కడప-హైదరాబాద్ మొదలైంది. గంట ప్రయాణానికి సగం సీట్లు 2500 రూపాయల లోపే, తగ్గిన డబ్బు మూడేళ్ళ పాటు సబ్సిడీగా వస్తుంది. మన సీమకు ఇంత చవగ్గా విమానమా అని అందరూ మురిసిపోయినారు. 2022 ఫిబ్రవరికల్లా కంపెనీయే ఆగిపోయింది. తర్వాత కడపకు ఇండిగోను రప్పించడానికి కూడా రాష్ట్ర ప్రభుత్వం డబ్బు కట్టాల్సి వచ్చింది.

కెనడా ఉత్తరాన బఫెలో ఎయిర్‌వేస్ అని ఒక కుటుంబం నడిపే కంపెనీ ఉంది. 1970లో మొదలైన దాన్ని తర్వాత జో మెక్‌బ్రయన్ కొన్నాడు, పిల్లలూ అందులోనే పనిచేస్తారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి డీసీ-3 విమానాలను వాళ్ళే రిపేరు చేసుకుంటూ యాభై ఏళ్ళు దాటించినారు. కారణం ఒకటే. అక్కడ చాలా పల్లెలకు ఏడాది పొడుగునా ఉండే రోడ్డు లేదు, ఉప్పూపప్పూ కూడా విమానంలోనే రావాలి. ఆదివాసీ పల్లెలకు అది షోకు కాదు, అవసరం.

మనకు అట్లా కాదు కదా! హిందూపురం నుంచి దేవనహళ్ళి ఎయిర్‌పోర్టు గంటన్నర. ధర్మవరం రైల్వే జంక్షన్. పెనుకొండ కియా కార్లు రైలెక్కి పోతాయి, ధర్మవరం పట్టుచీరలు బస్సులో, లారీలో పోతాయి. పుట్టపర్తిలో విమానం దిగితే ఎక్కేది ఎవరు? తండా పిల్ల మాత్రం డిగ్రీ క్లాసుకు మెయిన్‌రోడ్డు దాకా నడుస్తూనే ఉంటుంది. (ఆటో అంటారా, నెలకు ఆ చార్జీ లెక్కేసి చూడండి.) సాయంత్రం చీకటి పడితే ఇంట్లో చదువు మానిపించేదీ ఆ నడకే.

ఖాళీ సీటుకు సర్కారు డబ్బు కట్టొచ్చు అని ఉడాన్ ఒప్పుకుంది. అదే లెక్క పల్లెవెలుగు బస్సుకు ఎందుకు పనికిరాదు? హిందూపురం, పెనుకొండ, ధర్మవరం డిపోలకు వేర్వేరుగా అర్జీలు రాద్దాం. మీ తండా పేరు, మెయిన్‌రోడ్డుకు ఎన్ని కిలోమీటర్లు, కాలేజీకి పోయేవాళ్ళు ఎంతమంది, ఏ టైముకు బస్సు కావాలి, ఇవి కామెంట్లో పెట్టండి. ఆదివారం లోపల రాసి పెడతాను.