స్వాహిలి మాటలు – మన ఇంటి అర్థాలు



తూర్పు ఆఫ్రికాలోని కెన్యా, టాంజానియా దేశాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు కుటుంబాలు ఉన్నాయి. అక్కడికి వెళ్లేవారికి మొదట కావలసినది స్వాహిలి భాష. ఈ భాష నేర్పే చిన్న పుస్తకాలలో ఒక పక్క స్వాహిలి మాట, మరో పక్క ఇంగ్లీషు అర్థం ఉంటాయి. అవి పనికిరావని మేము అనము. కాని కొన్ని మాటలకు ఇంగ్లీషు అర్థం చాలదు. మన తెలుగు అర్థమే సరిగ్గా అతుకుతుంది.

బియ్యం సంగతే చూడండి. ఇంగ్లీషువారికి పొలంలో ఉన్నా, బస్తాలో ఉన్నా, కంచంలో ఉన్నా అంతా రైస్ అనే ఒక్క మాటే. స్వాహిలిలో అలా కాదు. వరి, వడ్లు అయితే 'మ్పుంగ'. దంచిన బియ్యం 'మ్చేలే'. వండిన అన్నం 'వాలి'. పండించి, దంచి, వండుకునే జనానికి మూడు మాటలు అవసరమవుతాయి. ఇంగ్లీషు అర్థం మాత్రమే చదువుకున్నవారు అంగడికి వెళ్లి 'వాలి' రెండు కిలోలు ఇమ్మంటే, అన్నం కొలిచి ఇమ్మన్నట్టు ఉంటుంది!

పలకరింపులు

పెద్దవారు ఎదురైతే చిన్నవారు 'షికమో' అంటారు. మీ పాదాలు పట్టుకుంటున్నాను అని దాని మూలార్థంగా చెబుతారు. పెద్దవారు 'మరహబ' అని బదులిస్తారు. దీనికి ఇంగ్లీషులో హలో అని రాస్తే ఆ గౌరవమంతా పోతుంది. తోటివారిని 'హబరి' అని పలకరిస్తారు. హబరి అంటే వార్త. మనం "ఏమిటి కబుర్లు?" అంటామే, ఆ కబురూ ఈ హబరీ ఒకే అరబ్బీ మాట బిడ్డలు. జవాబు 'న్జూరి', అంటే బాగుంది.

ఎవరి ఇంటికైనా వెళితే వాకిట నిలబడి 'హోది' అనాలి. లోపలినుండి 'కరిబు', అంటే రండి, అని వినిపించాకే అడుగు పెట్టాలి. కృతజ్ఞత చెప్పడానికి 'అసాంతే', సెలవు తీసుకోవడానికి 'క్వహేరి'.

ఇక 'పోలే' అనే మాట. పుస్తకాలలో దీనికి సారీ అని అర్థం రాసి ఉంటుంది. అది చూసినవారు క్షమాపణ మాట అనుకుంటారు. నిజానికి ఇది ఎదుటివారి కష్టంలో పాలుపంచుకునే మాట. జబ్బుపడినవారికి పోలే. ఇంట్లో మరణం జరిగినవారికి పోలే. దూరం నుంచి వచ్చినవారికి 'పోలే న సఫారి', అయ్యో ప్రయాణంలో అలసిపోయారు అని. ఎండలో పనిచేస్తున్నవారికి 'పోలే న కాజి'. ఇందులో ఎవరి తప్పూ లేదు. దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్లి ఏం మాట్లాడాలో తెలియనప్పుడు, ఈ ఒక్క మాట తెలిస్తే చాలు. ఇదే మాటను రెండుసార్లు, 'పోలే పోలే' అంటే మాత్రం నెమ్మదిగా అని అర్థం.

వరసలు

ఇక్కడ మన చెవులే మనల్ని మోసం చేస్తాయి. 'మామ' అంటే తల్లి. 'బాబు' అంటే తాతగారు! 'బాబా' తండ్రి. 'దాద' అక్క, 'కాక' అన్న. తల్లిని బిడ్డ పేరుతో పిలవడం అక్కడ మర్యాద. యోహాన తల్లిని 'మామ యోహాన' అంటారు. మన పల్లెల్లో ఫలానావాళ్ల అమ్మ అన్నట్టే.

గంటల లెక్క

అన్నిటికంటె జాగ్రత్త పడవలసినది ఇక్కడే. స్వాహిలివారు గంటలను సూర్యోదయం నుంచి లెక్కపెడతారు. భూమధ్యరేఖకు దగ్గర కనుక ఏడాది పొడుగునా దాదాపు ఆరింటికే తెల్లవారి ఆరింటికే పొద్దు గుంకుతుంది. అందుచేత మన ఉదయం ఏడు వారికి 'సా మోజ', అంటే ఒకటో గంట. మధ్యాహ్నం పన్నెండు 'సా సిత', ఆరో గంట. ఆసుపత్రిలో రోగికి "ఉదయం 'సా మ్బిలి'కి మందు వేసుకో" అని చెబితే, మాటకు మాట చూసుకుని రెండు గంటలనుకోకూడదు. అది ఎనిమిది గంటలు. ఆరు కలిపితే లెక్క సరిపోతుంది.

యేసుప్రభువు కాలంలో యూదులు కూడ పగటి గంటలను ఇలాగే లెక్కించేవారు. పేతురు యోహానులు దేవాలయానికి వెళ్లిన తొమ్మిదో గంట మనకు మధ్యాహ్నం మూడు గంటలు. స్వాహిలి బైబిలులో అది తొమ్మిదో గంటగానే ఉంది. చదివే రైతుకు వేరే వివరణ అక్కరలేదు.

మనకు తెలిసిన మాటలు

స్వాహిలి అనే పేరు తీరాలు అనే అర్థమున్న అరబ్బీ మాటనుండి వచ్చింది. రుతుపవనాల గాలితో ఓడలు అరేబియానుండి, మన దేశంనుండి ఆ తీరానికి వెళ్లేవి. సరుకులతో మాటలూ దిగాయి. 'దుక' దుకాణం, 'పేస' డబ్బు, 'లాకి' లక్ష, 'కలాము' కలం, 'వకీలి' వకీలు, 'తరేహే' తారీఖు. 'దవా' మందు, మన దవాఖానాలో ఉన్నది అదే. మనలాగే వారూ మాట చివర అచ్చు చేర్చుకుంటారు. మనం బస్సు, డాక్టరు అంటే వారు 'బాసి', 'దక్తారి' అంటారు.

ఈ మాటలను కూర్చి నిఘంటువు చేసినవారిలో జర్మనీ దేశపు మిషనరీ యోహాన్ లుడ్విగ్ క్రాఫ్ ముఖ్యుడు. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్‌లను మచిలీపట్నం పంపిన చర్చి మిషనరీ సొసైటీయే ఆయననూ పంపింది. 1844లో మొంబాసా చేరిన ఆయన ఆ సంవత్సరంలోనే భార్యనూ పసిబిడ్డనూ కోల్పోయాడు. అయినా భాష నేర్చుకోవడం మానలేదు. 1850లో ఆయన వ్యాకరణం అచ్చయింది. 1881లో ఆయన మరణించగా, నిఘంటువు ఆ మరుసటి ఏడు వెలువడింది. పరాయి ఊళ్లో దుఃఖం అనుభవించినవాడు ఆ ఊరి మాటలను అంత ఓపికగా ఏరుకున్నాడు.

మీ ఇంటినుండి ఎవరైనా ఆ దేశాలకు వెళుతుంటే, ఇంగ్లీషు వచ్చు కదా అని ఊరుకోకండి. షికమో, హోది, అసాంతే, పోలే – ఈ నాలుగు మాటలూ, గంటల లెక్కా ముందే నేర్పి పంపండి. మిగిలినవి అక్కడి ఇరుగుపొరుగువారే నేర్పుతారు.