కొల్లేటి పిట్టకు ఏ తూటా?

నీటికాకుల గుంపు చేపల చెరువు మీద వాలిందంటే గట్టు మీది కాపలాదారుకు రెండే ఆలోచనలు వస్తాయి. డబ్బా వాయించడం ఒకటి. చేతిలో తుపాకి వుంటే ఎంత బాగుండునో అనుకోవడం రెండోది. ఈ రెండో ఆలోచన నలుగురిలో పడితే యిక చర్చకు అంతు వుండదు. పాయింట్ టూ టూ చాలునని ఒకరు, మాగ్నమ్ అయితే దూరం అందుకుంటుందని మరొకరు, పాయింట్ వన్ సెవెన్ అయితే గురి తప్పదని యింకొకరు. అమెరికా వేటగాళ్ల వీడియోలు సెల్‌ఫోన్లలో చూసిన కుర్రవాళ్లు సినిమా నటుల పేర్లు చెప్పినంత సులువుగా తూటాల పేర్లు వల్లిస్తున్నారు. తాడేపల్లిగూడెం మెట్టలో చెవులపిల్లుల కోసం, కొల్లేటి లంకల్లో పరజల కోసం, బొల్లికోళ్ల కోసం ఏది మేలు అని అడిగేవారూ వున్నారు.

అడిగినదానికి సమాధానం చెప్పవలసిందే. రిమ్‌ఫైర్ అనే తూటా సంగతి ముందు తెలియాలి. పెద్ద రైఫిళ్ల తూటాకు అడుగున నడిమధ్య చిన్న టోపీ వుంటుంది. సూది అక్కడ తగిలితే మందు అంటుకుంటుంది. రిమ్‌ఫైర్ తూటాకు ఆ టోపీ లేదు. అంటించే మందు అడుగు అంచు మడతలోనే వుంటుంది. సూది అంచును నొక్కితే పేలుతుంది. అంచు నొక్కుకుపోవాలంటే రేకు పలచగా వుండాలి. రేకు పలచనైతే లోపల ఎక్కువ మందు కూరడానికి వీలు లేదు. అందుకే యివన్నీ చిన్న తూటాలు. ధర తక్కువ, చప్పుడు తక్కువ, భుజాన్ని తన్నవు. కాలేజీలో ఎన్.సి.సి. చేసినవారికి ఈ పాయింట్ టూ టూ కొత్త కాదు. బోర్లా పడుకొని బోర్డును కొట్టింది దీనితోనే.

వీటిలో ప్రపంచమంతటా వాడుకలో వున్నది .22 లాంగ్ రైఫిల్. 1887లో అమెరికాలో వచ్చింది. గుండు బరువు రెండున్నర గ్రాములు, వేగం సెకనుకు సుమారు 330 నుంచి 380 మీటర్లు. 1959లో విన్‌చెస్టర్ కంపెనీ .22 మాగ్నమ్‌ను తెచ్చింది. గుండు బరువు అంతే గాని వేగం 580 మీటర్ల దాకా పోతుంది. 2002లో హార్నడీ కంపెనీ .17 తూటాను దింపింది. గుండు ఒక గ్రాము పైచిలుకే, వేగం మాత్రం 770 మీటర్లు. ఉడతలను, కుందేళ్లను కొట్టుకోవడానికి చట్టం ఒప్పుకునే దేశాల్లో యాభై, అరవై మీటర్ల లోపల మొదటిదే మేలంటారు. మాంసం పాడు కాదు, ఖర్చు తక్కువ. మాగ్నమ్ వంద మీటర్ల దాకా పనిచేస్తుంది. మూడోది తిన్నగా పోతుంది గాని గాలి వీస్తే పక్కకు కొట్టుకుపోతుంది. తగిలిన చోట చిట్లిపోతుంది కనుక చిన్న జంతువైతే తినడానికి మిగిలేది తక్కువ. కూర కోసం వేటాడేవాడికి అది దండగ.

ఇంతవరకూ వీడియోలు చెప్పేది నిజమే. అవి చెప్పనిది కొల్లేరు సంగతి.

అక్కడ కుందేలు నేల మీద కూర్చుంటుంది. వెనుక మట్టి దిబ్బో, గుట్టో వుంటుంది. గురి తప్పిన గుండు మట్టిలో దిగిపోతుంది. మరి కొల్లేట్లో నీటి మీద తేలే పరజ వెనుక ఏముంది? నీరు. దాని వెనుక మళ్లీ నీరు. కిక్కిస పొదలు, వాటి అవతల మావులు పెట్టుకుంటున్న మనిషి, దోనెలో వచ్చే మనిషి, గట్టు మీద కాపలా పాక, పాకలో పడుకున్న పిల్లవాడు. దేశమంతా పళ్లెంలాగా చదునుగా వుంది. గుండును ఆపే మెరక ఎక్కడా లేదు. పైగా చిన్న గుండు నీటికి ఏటవాలుగా తగిలితే మునగదు. చిన్నప్పుడు చెరువులో పెంకు విసిరి కప్పగంతులు వేయించిన ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. సీసపు గుండు కూడా అలాగే గంతు వేసి, ఏ దిక్కుకు పోతుందో తెలియకుండా పోతుంది. పాయింట్ టూ టూ తూటాల పెట్టెల మీద మైలున్నర దూరం ప్రమాదమని హెచ్చరిక అచ్చు వేసి వుంటుంది. మైలున్నర అంటే రెండు కిలోమీటర్ల పైమాట. కొల్లేట్లో ఏ దిక్కుకు చూసినా రెండు కిలోమీటర్ల లోపల ఎవరో ఒకరు తమ పనిలో వుంటారు. మాగ్నమ్ సంగతి చెప్పనే అక్కరలేదు.

వెనుకటి రోజుల్లో దొరలు, జమీందార్లు బాతుల వేటకు దిగినప్పుడు వారు పట్టింది రైఫిలు కాదు, రవ్వలు చిమ్మే పన్నెండు బోరు తుపాకి. దాని రవ్వలు రెండు మూడు వందల మీటర్లలో రాలిపోతాయి. వారికి పిట్టల మీద జాలి లేకపోయినా మనుషుల మీద ఆమాత్రం జాగ్రత్త వుంది. ఈ తూటాలన్నీ పుట్టిన అమెరికాలోనే వలస పక్షులను రైఫిలుతో కొట్టడం ఫెడరల్ నిబంధనల ప్రకారం నేరం. నీటిపక్షుల వేటకు సీసం రవ్వలు కూడా 1991 నుంచి దేశమంతటా నిషిద్ధం. నీటి అడుగున పడిన సీసాన్ని పక్షులు గింజలనుకొని మింగి విషమెక్కి చస్తున్నాయని తెలిసి తెచ్చిన నిషేధం అది. వీడియో చూసి అమెరికాను అనుకరించేవారు ఈ సంగతి కూడా అనుకరిస్తే బాగుంటుంది.

ఇక మన చట్టానికి వద్దాం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదట కొన్ని జంతువుల వేటకు లైసెన్సులు వుండేవి. 1991 సవరణతో అవి పోయాయి. సరదాకు గాని, కూరకు గాని పరజను, బొల్లికోడిని, చెవులపిల్లిని కొట్టడానికి లైసెన్సు యిచ్చే అధికారి యీ దేశంలో ఎవరూ లేరు. చట్టంలో వేట అనే మాటకు అర్థం కూడా విశాలమైనది. పట్టడం, ఉచ్చు వేయడం, తరమడం, గుడ్లు తీయడం, వీటిలో దేనికి ప్రయత్నించినా వేటే. గురి తప్పిందని చెప్పుకొని బయటపడే వీలు లేదు.

కొల్లేరుకు అంతకంటె గట్టి కాపలా వుంది. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చేరింది. సంరక్షణ కేంద్రంలో వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, 2022 సవరణ తర్వాత పాతిక వేలకు తగ్గని జరిమానా. వేటాడకపోయినా రాతపూర్వకమైన అనుమతి లేకుండా ఆయుధంతో లోపలికి అడుగు పెట్టడమే తప్పు. ఆయుధమంటే తుపాకి ఒక్కటే కాదు. వల, గాలం, ఉచ్చు, విషం, జంతువును గాయపరచగల ఏ పనిముట్టయినా ఆ లెక్కలోనే వస్తుంది. పిల్లవాడి జేబులోని ఉండేలు కూడా.

చాలామందికి తెలియని సెక్షన్ ఒకటి వుంది. సంరక్షణ కేంద్రంలోను, దాని చుట్టూ పది కిలోమీటర్ల లోపున కాపురముంటూ లైసెన్సు తుపాకి వున్న ప్రతివారూ తమ పేరు అటవీశాఖ వద్ద నమోదు చేయించుకోవాలి. కొత్త లైసెన్సు యివ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందుగా ఒప్పుకోవాలి. ఏలూరు, పెదపాడు, దెందులూరు, భీమడోలు, ఉంగుటూరు, నిడమర్రు, ఆకివీడు, కైకలూరు, మండవల్లి మండలాల్లో తాతల నాటి తుపాకి గోడకు తగిలించుకున్న కుటుంబాలు ఈ సెక్షన్ 34 సంగతి ఒకసారి విచారించుకోవడం మంచిది. పంచాయతీ ఆఫీసు గోడ మీద ఈ నాలుగు ముక్కలు అంటించడం అధికారులకు పెద్ద పని కాదు. అంటించకుండా కేసులు పెడితే పల్లెటూరి మనిషికి కోపం రావడంలో ఆశ్చర్యం లేదు.

అసలు పాయింట్ టూ టూ రైఫిలుకు లైసెన్సు ఎవరికి యిస్తారు? 1959 ఆయుధాల చట్టంలో దీని సంగతి స్పష్టంగా వుంది. గుర్తింపు పొందిన రైఫిలు క్లబ్బు సభ్యుడికి గురి అభ్యాసం కోసమని ఆ రైఫిలు పేరెత్తింది. పంట కాపలాకు చెప్పింది గొట్టంలో మందు దట్టించే తుపాకి, అది చాలదని అధికారి నమ్మితే మరో నునుపు గొట్టం తుపాకి. అంటే చట్టం దృష్టిలో ఈ చిన్న రైఫిలు స్థానం మైదానంలో, బోర్డు ఎదుట. ఆ స్థానం చిన్నదేమీ కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిలు పోటీలో కాంస్యం తెచ్చింది ఈ .22 తూటాతోనే. జిల్లాలో గురి మీద మోజున్న కుర్రవాళ్లకు ఆ దారి చూపించే క్లబ్బులు వుంటే పిట్టల మీదికి పోయే మోజు కొంత అటు మళ్లుతుంది.

ఎయిర్‌గన్ సంగతి వేరు. 4.5 మిల్లీమీటర్ల లోపు గొట్టం, 20 జౌళ్ల లోపు శక్తి వుంటే 2016 నిబంధనల ప్రకారం దానికి లైసెన్సు అక్కరలేదు. లైసెన్సు లేదు గనుక పిట్టను కొట్టవచ్చునని అనుకోవడం పెద్ద పొరపాటు. కొనడానికి లైసెన్సు లేదు, కొట్టడానికి అసలే లేదు. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో ఎయిర్‌గన్‌లు ప్రభుత్వానికి అప్పగించండని ఉద్యమం నడిపితే వేటకు అలవాటు పడిన ఊళ్లవారే తెచ్చి అప్పగించారు. అక్కడ సాధ్యమైనది యిక్కడ కాకపోదు.

రైతు బాధ మాత్రం అబద్ధం కాదు. చింతలపూడి, జంగారెడ్డిగూడెం మెట్టల్లో అడవిపందులు ఒక్క రాత్రిలో మొక్కజొన్నను దున్నేస్తాయి. చట్టంలో సెక్షన్ 11 కింద పంటకు ప్రమాదకరమైన జంతువును కొట్టడానికి వార్డెన్ గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని కారణాలు రాసి అనుమతి యివ్వవచ్చు. ఆ కాగితం పొత్తు గట్టిపడేలోగా చేతికి రావాలి, కోత అయ్యాక వస్తే దేనికి? ఇందులో రైతు పక్షాన గట్టిగా మాట్లాడవలసిన పని ప్రజాప్రతినిధులకు వుంది. అయితే పంది మీద పాయింట్ టూ టూ ప్రయోగించడం తెలివితక్కువ. రెండున్నర గ్రాముల గుండు దాని కొవ్వులో దిగి ఆగుతుంది. గాయపడ్డ పంది తెల్లవారి పొలానికి వచ్చిన కూలిమనిషి మీద పడుతుంది. చేనికి కరెంటు తీగ కట్టడం దానికంటె ఘోరం. ఆ తీగకు పంది ఎవరో మనిషి ఎవరో తెలియదు.

వరి పొలాల్లో ఎలుకలకు తుపాకి మాట ఎవరూ ఎత్తరు. బుట్టలు పెట్టేవారిని పిలిచి, పట్టిన తోకకు యింత అని లెక్కగట్టి యిచ్చేస్తారు. ఖర్చు తెలుసు, ఫలితం కళ్లెదుట కనిపిస్తుంది. చేపల చెరువుల దగ్గర కూడా యిలాంటి లెక్కే కావాలి. నీటికాకి మింగేది చిన్న పిల్లను. అరచేతి కంటె పెద్దదైన బొచ్చె, శీలావతి దాని గొంతులో పట్టవు. అందుకే అనుభవమున్న రైతులు పిల్లను నర్సరీ చెరువులో పెంచి, జీరో సైజు చేసి పెద్ద చెరువులోకి వదులుతారు. నర్సరీ చెరువు చిన్నది గనుక పైన తీగలు లాగడం, మనిషిని పెట్టి తోలించడం తేలిక. నలభై ఎకరాల చెరువుకు తుపాకి కాపలా పెట్టే ఖర్చుతో రెండెకరాల నర్సరీని శుభ్రంగా కాపాడుకోవచ్చు. తూటా చప్పుడుకు లేచిన పిట్టలు పక్క చెరువులో వాలి పావుగంటలో తిరిగి వస్తాయి. ఈ లోపల ఖర్చయింది తూటా ఒక్కటే.

ఊళ్లలో తుపాకి రాముడని కొయ్య తుపాకి భుజాన వేసుకొని కోతలు కోసేవాడు వచ్చేవాడు. నవ్వించి, గింజలు పుచ్చుకొని పోయేవాడు. ఈ ప్రాంతంలో ఎవరికీ ప్రమాదం లేని తుపాకి అదొక్కటే.

తుపాకులు లేక కాదు ఈ ప్రాంతంలో పక్షులు మిగిలింది. కె.కె.నీలకంఠన్ అనే పక్షి శాస్త్రవేత్త 1940లలో పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో గూడబాతులు గూళ్లు కట్టుకోవడం చూసి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో రాశారు. అప్పట్లో అడ్డగించే చట్టం లేదు. కొట్టేవాడికి అంత పెద్ద పిట్ట గురి తప్పదు. అయినా మనుషుల నడుమ అవి పిల్లలను పెంచుకున్నాయి. కైకలూరు దగ్గర ఆటపాకలో యిప్పుడు అవే గూడబాతులు అటవీశాఖ నాటిన ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కడుతున్నాయి. అక్టోబరు వస్తే పరజలు కూడా దిగుతాయి. పేర్లు నమోదు కాని తుపాకులు వున్నవారు, పందుల అనుమతి కోసం దరఖాస్తు పెట్టుకోదలచినవారు ఆ లోపలే అటవీశాఖ ఆఫీసుకు ఒకసారి వెళ్లి రావడం మంచిది.