గల్లీలో ఎన్ని స్టార్లు?

డిసెంబర్ మూడో వారం, రాత్రి ఏడున్నర. వారాసిగూడలో మా రూమ్ మెట్లు దిగుతుంటే మా రూమ్మేట్ పందెం పెట్టింది. "ఇక్కడి నుంచి మెట్టుగూడ మెట్రో దాకా ఎన్ని స్టార్లు కనిపిస్తాయో లెక్కపెడదాం. నీ లెక్క ఎంత?"

"ఇరవై" అన్నాను.

తను నవ్వింది. "నలభై దాటకపోతే చాయ్ నాది. దాటితే నీది."

స్టార్లంటే ఆకాశంలోవి కావు. మన సిటీలో అవి కనిపించి ఎన్నాళ్లయిందో! ఇంటి గుమ్మానికి, డాబా మీద కర్రకు, బాల్కనీ గ్రిల్లుకు వేలాడే క్రిస్మస్ స్టార్ల సంగతి చెప్తున్నా.

క్రిస్మస్ లైట్లు అనగానే మన ఫోన్లోకి లండన్, న్యూయార్క్ రీల్స్ వచ్చిపడతాయి. లేదంటే ఏదో మాల్లో యాభై అడుగుల చెట్టు, దాని ముందు సెల్ఫీ క్యూ. అది చూడొద్దని అనను. కానీ టికెట్ లేకుండా, పార్కింగ్ గొడవ లేకుండా, కాళ్లకు చెప్పులుంటే చాలు అనుకునేవాళ్లకు మా ఏరియాలోనే ఒక మంచి రూటుంది. వారాసిగూడ, సీతాఫల్‌మండి, మెట్టుగూడ, లాలాగూడ. అక్కడ మెట్రో ఎక్కితే సికింద్రాబాద్. ఈ వారం నడక అదే.

దేవుడు మారతాడు, వైరు అదే

వారాసిగూడ గల్లీలు ఎట్లా ఉంటాయో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకు: ఒక బైకు వస్తే మనం గోడకు ఆనుకోవాలి, రెండు బైకులు వస్తే పక్కింటి మెట్లెక్కాలి. ఉస్మానియా క్యాంపస్ దగ్గర కాబట్టి ఎక్కడ చూసినా టు-లెట్ బోర్డులు, గ్రూప్స్ పుస్తకాల జిరాక్సులు, కర్రీ పాయింట్లు. డిసెంబర్ కాబట్టి నల్లబట్టల్లో అయ్యప్ప స్వాములు.

మొదటి స్టార్ ఇస్త్రీ బండి వెనక ఇంటిమీద దొరికింది. ఎర్రది, ఐదు కోణాలు, లోపల బల్బు. రెండోది మూడంతస్తుల బిల్డింగ్ పైన. దాని ఎదురింట్లోనే అయ్యప్ప పడిపూజకు షామియానా. రెండిళ్లకూ ఒకే రకం లైట్లు, ఆకుపచ్చ, నీలం. కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డ డెకరేషన్ అన్నను అడిగాను: "రెండూ మీవేనా అన్నా?"

"అన్నీ మావే అమ్మా. వినాయకుడికి ఇవే, దసరాకు ఇవే, మిలాద్‌కు ఇవే, పెళ్లికి ఇవే. దేవుడు మారతాడు, వైరు అదే."

ఆ ముక్క నేను ఫోన్లో నోట్ చేసుకున్నా.

మనం వీటిని సీరియల్ లైట్లు అంటాం. టీవీ సీరియల్‌కు దీనికి సంబంధం లేదు గానీ, అర్థం మాత్రం ఒకటే: ఒకదాని తర్వాత ఒకటి. బల్బులన్నీ ఒకే తీగ మీద వరసగా ఉంటాయి. ఇంటి కరెంటు 230 వోల్టులు, చిన్న బల్బుకు కావాల్సింది కొన్ని వోల్టులే. అందుకే వరసగా కలిపి, వోల్టేజీని అందరికీ పంచుతారు. చిక్కేమిటంటే, కరెంటు ఒక బల్బు దాటితే గాని ఇంకోదానికి పోదు. ఒక్కటి తెగితే ఆ వరస మొత్తం చీకటి. మీ సెట్టులో సగం వెలిగి సగం ఆరిపోతే కారణం ఇదే: అందులో రెండు మూడు వరసలుంటాయి, ఒక వరస పోయింది.

చెట్టుకు కరెంటు బల్బులు కట్టాలనే ఆలోచన 1882 నాటిది. న్యూయార్క్‌లో ఎడిసన్ దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లో చెట్టుకు ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో 80 బల్బులు కట్టాడు. అంతకుముందు చెట్టు మీద కొవ్వొత్తులే. ఎండిన కొమ్మ మీద మంట పెట్టి పండగ చేసుకున్నారంటే వాళ్ల ధైర్యానికి దండం పెట్టాలి. ఇప్పుడు మన గల్లీలో మెరిసే నీలం వెలుగు వెనక నోబెల్ బహుమతి కూడా ఉంది. నీలం ఎల్ఈడీ కనిపెట్టినందుకు ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. ఎరుపు, ఆకుపచ్చ ఎల్ఈడీలు ముందే ఉన్నాయి. నీలం దొరికాకే తెల్ల ఎల్ఈడీ వెలుగు సాధ్యమైంది.

లెక్కల క్లాసులో పుట్టిన స్టార్

సీతాఫల్‌మండి దాటేసరికి మా లెక్క ఇరవై ఆరు. నా పందెం పోయినట్టే.

ఒక ఇంటి ముందు పెద్ద తెల్ల స్టార్, అన్ని వైపులా ముళ్లలా కోణాలు. దాని కథ తమాషాగా ఉంటుంది. 1830లలో జర్మనీలోని నీస్కీ అనే ఊళ్లో మొరేవియన్ క్రైస్తవుల బడి ఉండేది. అక్కడ పిల్లలకు జామెట్రీ నేర్పడానికి కాగితంతో ఇలాంటి స్టార్ చేయించారు. లెక్కల పాఠం కాస్తా పండగ అలంకారం అయిపోయింది. ఆ ఆకారాన్ని ఇప్పటికీ మొరేవియన్ స్టార్ అంటారు. మ్యాథ్స్ అంటే భయపడేవాళ్లు ఈసారి దాన్ని చూసి కొంచెం క్షమించండి.

ఏసు పుట్టినప్పుడు తూర్పు దేశపు జ్ఞానులకు ఒక నక్షత్రం దారి చూపించిందని బైబిల్లో ఉంది. ఇంటికి స్టార్ కట్టడం దాని గుర్తుగానే. "మా ఊళ్లో నాన్న వెదురు బద్దలతో కట్టి, రంగు కాగితం అతికించేవాడు" అంది మా రూమ్మేట్. తనది ఖమ్మం వైపు ఒక పల్లె. "వేపచెట్టు పై కొమ్మకు కట్టేవాడు. రోడ్డు మీద బస్సు దిగితే అదే కనిపించేది. అది చూస్తే ఇల్లు చేరినట్టే."

లాలాగూడ: రైలు తెచ్చిన పండగ

మెట్టుగూడ దగ్గర లెక్క నలభై మూడు. చాయ్ నాదే. తాగేసి లాలాగూడ వైపు నడిచాం.

నిజాం కాలపు రైల్వేకు 1893 నుంచి ఇక్కడ వర్క్‌షాప్ ఉంది. రైళ్లతో పాటు డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మన్లు వచ్చారు. వాళ్లలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా. లాలాగూడ, మెట్టుగూడ అంటే ఒకప్పుడు వాళ్ల పేటలే. డిసెంబర్ వస్తే డాన్సులు, ప్లమ్ కేకులు, కల్‌కల్స్, అచ్చుతో చేసే గులాబీ పువ్వులు. తర్వాత ఆస్ట్రేలియా, ఇంగ్లాండ్, కెనడా అంటూ చాలామంది వెళ్లిపోయారు. గులాబీ పువ్వులు మాత్రం వెళ్లలేదు. ఇప్పుడవి తెలుగు క్రిస్టియన్ ఇళ్లలో డిసెంబర్ పిండివంట.

ఇక్కడ చెట్లెక్కువ, వెలుగు తక్కువ. ఒక పాత ఇంటి వరండాలో ఒక్క స్టార్, ఒక్క కుర్చీ. గల్లీలో నలభై మూడు లెక్కపెట్టినప్పుడు అనిపించనిది ఆ ఒక్కదాని దగ్గర అనిపించింది. లైటు వేశారంటే లోపల ఎవరో ఉన్నారని అర్థం. చూసేవాళ్లు తగ్గినా వేస్తున్నారు.

పశువుల పాక ముందు

మెట్టుగూడలో మెట్రో ఎక్కి రెండో స్టేషన్, పరేడ్ గ్రౌండ్‌లో దిగాం. అక్కడి నుంచి సరోజినీదేవి రోడ్డులో సెయింట్ మేరీస్ చర్చి. 1850లో పూర్తయిన కట్టడం, 2008లో దీనికి బసిలికా హోదా వచ్చింది. కోణపు తోరణాల మీద లైట్లు పడితే ఫొటో ఎట్లా తీసినా బాగానే వస్తుంది. ఆవరణలో పశువుల పాక: గడ్డి, బొమ్మ గొర్రెలు, మరియమ్మ, యోసేపు. ముందు జనం. బురఖా వేసుకున్న ఒక అమ్మ తన చిన్నదాన్ని ఎత్తుకుని గొర్రెల్ని చూపిస్తోంది. పక్కన బొట్టు పెట్టుకున్న బామ్మ చెంపలేసుకుంటోంది. సికింద్రాబాద్‌లో ఇది వింతేం కాదు.

క్లాక్ టవర్ వైపు నడిస్తే వెస్లీ చర్చి. కంటోన్మెంట్ ఊరు కదా, చర్చిలకు కొదవ లేదు. సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. ఓపిక ఉన్నవాళ్లు ఇంకో రోజు మెదక్ వెళ్లండి. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని కట్టించిన ఆ మహాదేవాలయం 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది.

కొన్న స్టార్ ఎక్కడ కట్టాలి?

బజారులో స్టార్ల కుప్ప. మా రూమ్మేట్ ఒకటి చేతిలోకి తీసుకుంది. తెల్లది, మడత విప్పితే రెండడుగులు. రెండు వందల యాభై చెప్పాడు, నూటయాభైకి దించింది. డబ్బులు తీయబోయి ఆగింది.

"కొని ఎక్కడ కట్టను?"

అప్పుడు తట్టింది నాకు. రెండేళ్లుగా ఒకే రూమ్‌లో ఉన్నాం. గల్లీలో నలభై మూడు స్టార్లు లెక్కపెట్టాం. మా గుమ్మానికి ఏనాడూ స్టార్ లేదు. నేనెప్పుడూ అడగలేదు.

రూమ్ కోసం వెళ్లినప్పుడు ఓనర్ ఆంటీ అడిగిన మొదటి ప్రశ్న నాకూ గుర్తుంది. "మీరేమోళ్లు అమ్మా?" నేను చెప్పేశాను, నాకు చెప్పడానికి ఇబ్బంది లేదు కాబట్టి. తను "ఇద్దరం స్టూడెంట్లం ఆంటీ" అని నవ్వేసింది. దానికి ముందు వేరే చోట రెండు రూములు తప్పిపోయాయట. ఒకచోట "నాన్‌వెజ్ వద్దు" అన్నారు. ఇంకోచోట క్రిస్టియన్ అనగానే "ఇదివరకు ఏమోళ్లు?" అని అడిగి, మర్నాడు "మా చుట్టాలొస్తున్నారు" అన్నారు.

స్టార్ అంటే నాకు డెకరేషన్. తనకు అది అడ్రస్ ప్రూఫ్. గుమ్మానికి కడితే ఎదుటివాళ్లు మతం ఒక్కటే చదవరు, కులం కూడా చదువుతారు.

కాగితాల్లోనూ ఇదే తకరారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి మారిన దళితులకు ఆ హోదా లేదు. మన దగ్గర వాళ్లను బీసీ-సీ గ్రూపులో పెట్టారు, రిజర్వేషన్ ఒక శాతం. తనది ఆ సర్టిఫికెట్టే. "గవర్నమెంటు దృష్టిలో మా తాత చర్చికి వెళ్లిన రోజే మా కులం పోయింది. ఓనర్ల దృష్టిలో ఇంకా పోలేదు" అంది. నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను.

స్టార్ కొన్నాం. నూటయాభై నేనే ఇచ్చాను. చాయ్ పందెంలో వడ్డీ అనుకోమన్నాను.

నలభై నాలుగు

రూమ్‌కు వచ్చేసరికి పదిన్నర. గుమ్మానికి కట్టాలా, కిటికీ లోపల కట్టాలా అని పావుగంట చర్చ. బయట కట్టాలని నేను. "ధైర్యం నీది, రూమ్ పోయేది నాది" అని తను. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. చివరికి కిటికీ లోపలి వైపు కట్టి, కర్టెన్ తీసేశాం. బల్బు వేసి కిందికి పోయి గల్లీలోంచి చూశాం. బాగానే కనిపిస్తోంది.

పొద్దున నీళ్ల మోటార్ వేయడానికి ఓనర్ ఆంటీ బయటికి వచ్చింది. పైకి చూసింది. మా ఇద్దరికీ గుండె ఆగినంత పని.

"రాత్రంతా వేసి ఉంచితిరా? మీటర్ తిరుగుతది. పది గంటలకు ఆపేయండి" అని లోపలికి వెళ్లిపోయింది.

అది ఒప్పుకోవడమో, రాబోయే మాటకు ముందుమాటో ఇప్పటికైతే తెలీదు. సాయంత్రం ఆరున్నరకు మా రూమ్మేట్ మళ్లీ స్విచ్ వేసింది. పదికి ఆపింది.

మీరు ఈ రూట్లో నడిచేటట్లయితే కొన్ని మాటలు. ఏడింటికల్లా బయల్దేరితే గల్లీలు సందడిగా ఉంటాయి. చివరి మెట్రో టైమ్ ముందే చూసుకోండి. చర్చిలో ప్రార్థన నడుస్తుంటే ఫోన్ సైలెంట్‌లో పెట్టి వెనక నిలబడండి. ఎవరి ఇల్లయినా ఫొటో తీసే ముందు ఒక మాట అడగండి. చాలామంది "తీసుకోండి" అంటారు, కేకు కూడా పెడతారు. ఎవరైనా వద్దంటే ఎందుకని అడగొద్దు. లైట్లు మీరే కడుతుంటే టేపు చుట్టిన జాయింట్లను ఇనుప గ్రిల్లుకు తగలనివ్వకండి.

లెక్కపెట్టుకుంటూ నడవండి. మాది కలిపితే ఈ గల్లీల్లో నలభై నాలుగు. మీ పక్క రూమ్‌లో అట్టపెట్టెలో మడిచి పెట్టినది ఇంకొకటి ఉందేమో, ఈ వారం ఒకసారి అడిగి చూడండి.